మాల వేసుకుని మందు ఆపేసిన బావ గోడ మీద చీమలంటున్నాడు, ఏం చెయ్యాలి?

తెనాలి_తమ్ముడు
మా అక్క మొగుడు. 44 ఏళ్లు, తాపీ మేస్త్రి. పదిహేనేళ్ల నుంచి తాగుతున్నాడు. మూణ్ణాలుగేళ్లుగా అయితే పొద్దున లేవగానే ఒక కట్టింగ్ పడందే చెయ్యి నిలవదు, తాపీ పట్టలేడు. శనివారం రాత్రి ఆఖరు అని చెప్పి ఆదివారం తెల్లవారుజామున అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఇంటిల్లిపాదీ సంతోషించాం, అక్కయితే ఏడ్చేసింది కూడా.

ఆదివారం రాత్రికే వణుకు, చెమటలు. చన్నీళ్ల స్నానం పడలేదేమో అనుకున్నాం. నిన్నంతా ముద్ద ముట్టలేదు, కంటి మీద కునుకు లేదు. ఇవాళ సాయంత్రం నుంచి గోడ మీద చీమలు పాకుతున్నాయని చీపురుతో ఊడుస్తూనే ఉన్నాడు. నన్ను చూసి "సిమెంటు వచ్చిందా" అన్నాడు. నేనెవరో తెలియట్లేదు.

గురుస్వామి నియమం ఎక్కడో తప్పి ఉంటుందన్నారు. ఆర్ఎంపీ గ్లూకోజ్ బాటిల్ పెట్టి, నీరసమే, పడుకుంటే సర్దుకుంటుందని వెళ్లిపోయాడు. అక్క దిష్టి తీయాలంటోంది. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తే సరిపోతుందా?

గోదారి_గట్టు
ఒళ్లు కాలుతోందా? మా పక్కింటాయనకి డెంగీలో ఇలాగే మాట తప్పింది.

క్వార్టర్_సాబ్
పదిహేనేళ్ల స్నేహితుణ్ణి చెప్పాపెట్టకుండా వదిలేస్తే అలగడా మరి. ఒక పెగ్గు పొయ్యండి, చీమలు వాటంతటవే పుట్టలోకి పోతాయి.

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
పొద్దున దాకా ఆగొద్దు. ఇప్పుడే 108కి ఫోన్ చెయ్యండి. మిగతావాళ్లు రాసేవి తర్వాత చదువుకోవచ్చు.

బండి వచ్చేలోపు ఒంటరిగా వదలకండి. చుట్టుపక్కల తాపీ సామాను, కత్తిపీట ఉంటే తీసేయండి. లైటు ఆర్పొద్దు, చీకట్లో కనపడేవి ఎక్కువవుతాయి. చీమల్లేవని వాదించొద్దు. మందు అసలు పొయ్యొద్దు, మతి లేని మనిషికి పొలమారితే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాల గుత్తి చేతిలో పెట్టడాలు అవీ వద్దు.

ఆస్పత్రిలో అడిగినా అడక్కపోయినా "రోజూ తాగే మనిషి, శనివారం రాత్రి నుంచి ఆపేశాడు" అని మొదటి మాటగా చెప్పండి. మాలలో ఉన్న మనిషిని తాగుతాడని చెప్పడానికి సిగ్గుపడి చాలామంది జ్వరమంటారు. దాంతోనే టైమంతా పోతుంది.

తెనాలి_తమ్ముడు
చేశానక్కా. వస్తోంది. దిష్టి తియ్యందే కదలనని అక్క కూర్చుంది.

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
తియ్యనివ్వండి. దానికి రెండు నిమిషాలు. బండి ఎక్కించడం ముఖ్యం.

పల్నాటి_రోషం
ఇంత హడావుడి అవసరమా? మా నాన్న మా చెల్లి పెళ్లినాడు గ్లాసు కింద పెట్టాడు, మళ్లీ ముట్టలేదు. వణుకూ లేదు, చీమలూ లేవు. మగాడికి రోషం ఉంటే చాలు.

ఆరో_ఏడు
@పల్నాటి_రోషం మీ నాన్నగారు రోజుకెంత తాగేవారు?

పల్నాటి_రోషం
రోజూ ఏం కాదు. పండక్కీ పబ్బానికీ, సంతరోజు.

ఆరో_ఏడు
మరి అదే కదండీ తేడా.

నేను మానేసి ఆరో ఏడు నడుస్తోంది. అంతకుముందు లారీ. మూడుసార్లు మాల వేశాను. మొదటి రెండుసార్లూ నలభై ఒక్క రోజులు నిష్ఠగానే ఉన్నా, అప్పటికింకా పొద్దున తాగే అలవాటు లేదు. కొండ దిగి ఇంటికి రాకముందే వైన్స్ దగ్గర దిగానన్నది వేరే కథ. మూడోసారికి పొద్దున అలవాటు అయిపోయింది. మాల వేసిన రెండో రోజు పీఠం దగ్గర, భిక్షకి కూర్చుని ఉండగా, ఫిట్స్. విస్తరి మీద పడ్డాను. స్వాములంతా నాకు ఆవేశం వచ్చిందనుకుని శరణుఘోష చెప్పారట. పది నిమిషాలకి నాలిక తెగి నోట్లోంచి రక్తం కనపడితే అప్పుడు ఆటో పిలిచారు.

రోషం నాకూ ఉంది. రోషం లేకపోతే మాలే వెయ్యను. నా చేతిలో లేకుండా పోయింది నా మెదడు.

ఆటో_అప్పారావు
ఆవేశం అనుకోవడం... నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది అన్నా. సారీ.

ఆరో_ఏడు
నవ్వండి, ఇప్పుడు మేమూ నవ్వుకుంటాం.

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
కాస్త ఖాళీ దొరికింది, రాస్తున్నా. మందు మెదడుకి బ్రేకు లాంటిది. మాట, నడక, ఆలోచన అన్నిటినీ నెమ్మది చేస్తుంది. రోజూ ఎవరో బ్రేకు తొక్కిపెట్టి ఉంచితే బండి నడవాలి కదా, అందుకని మెదడు ఆక్సిలేటర్ ఇంకా గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. ఏళ్ల తరబడి అదే అలవాటు. ఒక రాత్రి ఉన్నట్టుండి బ్రేకు తీసేశారు, ఆక్సిలేటర్ మాత్రం అలాగే ఉంది. వణుకు, చెమట, గుండెదడ ఆరేడు గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో. మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేనివి కనపడటం రెండు నుంచి నాలుగో రోజు మధ్యలో. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. శనివారం రాత్రి ఆపి మంగళవారం రాత్రి చీమలంటే లెక్క సరిగ్గా సరిపోయింది, అందుకే కంగారు పెట్టాను.

ఆ గ్లూకోజ్ బాటిల్ సంగతి కూడా. బాగా తాగేవాళ్లు సరిగ్గా తినరు, తిన్నదీ ఒంటికి పట్టదు, విటమిన్ బి1 అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్ వాడుకోవడానికి ఒంటికి బి1 కావాలి. బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న చుక్క కూడా ఖర్చయి మెదడు దెబ్బతినొచ్చు. కళ్లు ఒకచోట నిలవవు, నడక తూలుతుంది, మతి చెదురుతుంది. అక్కడ పట్టుకోకపోతే జ్ఞాపకశక్తి పోయేదాకా వెళ్తుంది. మా వార్డులో ఒకాయన వారం రోజులుగా మంచం దిగలేదు. రోజూ పొద్దున "ఏం చేశారు" అంటే "పొలానికెళ్లి నీళ్లు కట్టి ఇప్పుడే వచ్చా" అంటాడు. అబద్ధమాడట్లేదు, జ్ఞాపకంలో పడ్డ చిల్లుల్ని మెదడు దానంతటదే పూడ్చుకుంటోంది. వాళ్లావిడ మాత్రం ప్రతిసారీ "ఎక్కడి పొలం, అమ్మేశాం కదా" అని గుర్తుచేస్తుంది.

ఆటో_అప్పారావు
బ్రేకు, ఆక్సిలేటరు అంటే ఇప్పుడు ఎక్కింది బుర్రకి. ఇన్నేళ్లూ తాగితే మనిషి హుషారవుతాడు గాబట్టి మందే ఆక్సిలేటరనుకున్నా.

పంతులుగారి_మనవడు
దీక్షని తప్పుబట్టే చర్చలా తయారవుతోంది. మాల వల్ల తాగుడు మానేసిన కుటుంబాలు మా వీధిలోనే నాలుగున్నాయి.

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
దీక్షని ఎవరూ ఏమీ అనలేదండీ. పొద్దున్నే తాగందే చెయ్యి నిలవని మనిషి మాలకి ముందు డాక్టర్ని కలవాలి అంటున్నా, అంతే. వారం పది రోజులు మాత్రలతో దింపితే ఆ తర్వాత హాయిగా వేసుకోవచ్చు. కొత్త ఇల్లు కట్టేముందు శంకుస్థాపన చేసుకోమా?

తెనాలి_తమ్ముడు
తెల్లవారుజాము మూడున్నర. దారిలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. అక్కా, నువ్వు చెప్పినట్టే మొదటి మాటగా చెప్పా. డాక్టర్ పిల్లవాడిలా ఉన్నాడు గానీ నేను గ్లూకోజ్ అనగానే "బి1 ఇచ్చారా" అని అడిగాడు. బి1 ఎక్కించి, మెదడుని శాంతపరిచే లోరాజెపామ్ ఇచ్చారు. చేతులు గుడ్డతో మంచానికి కట్టారు, అది చూడలేక అక్క బయట కూర్చుంది. మెళ్లో మాల తీసి నా చేతికిచ్చారు. జేబులో పెట్టుకున్నా. ఏమిటో, జేబులో పెట్టుకోవచ్చా అని కూడా తెలీట్లేదు.

పంతులుగారి_మనవడు
పెట్టుకోండి, పర్లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు తీస్తే దోషం లేదు. ఇంటికెళ్లాక దేవుడి దగ్గర పెట్టండి.

క్వార్టర్_సాబ్
రాత్రి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంత సీరియస్ అనుకోలేదు. కానీ ఒకటి, అందరూ ఇలా అవ్వరు. నేను పన్నెండేళ్లుగా రాత్రికో క్వార్టర్, అంతే. ఆదివారం రెండు బీర్లు. ఆఫీసు ఒక్కరోజు మానలేదు. నాకేం కాలేదే?

లెక్కల_మాస్టారు
"అంతే" అన్నారు కాబట్టి లెక్క వేద్దాం. మన విస్కీ 42.8 శాతం. 30 మిల్లీ పెగ్గులో అసలు సారం, అంటే ఆల్కహాల్, 10 గ్రాములు. క్వార్టర్ 180 మిల్లీ, అంటే ఆరు పెగ్గులు, 60 గ్రాములు. స్ట్రాంగ్ బీరు 650 మిల్లీ సీసా, 8 శాతం అనుకుంటే 40 గ్రాములు పైనే. బీరే కదా అని మనం తాగేది నాలుగు పెగ్గుల విస్కీ. వారానికి ఆరు క్వార్టర్లు, రెండు బీర్లు: 360 ప్లస్ 80, మొత్తం 440 గ్రాములు. 44 పెగ్గులండీ వారానికి.

క్వార్టర్_సాబ్
మాస్టారూ, మీ క్లాసులో నేనెప్పుడూ పాసవ్వలేదు.

డల్లాస్_దోశ
రెడ్ వైన్ గుండెకి మంచిదని ఇక్కడ మా డాక్టరే ఒకప్పుడు అనేవాడు. రోజుకో గ్లాసు పర్లేదు కదా?

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
ఆ మాట పాతబడింది. ఇంత తాగితే ఆరోగ్యానికి ఇబ్బంది లేదు అని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. దాని కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మందుని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో, పొగాకు పక్కన చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము. వైనైనా విస్కీ అయినా ఒంట్లోకి వెళ్లాక ఎసిటాల్డిహైడ్ అనే విషం అవుతుంది, సీసా మీద లేబుల్ దానికి తెలీదు.

ఓరుగల్లు_పోరడు
మా దిక్కు కల్లు దాగుతరు. చెట్టు కల్లుకు ఏం గాదు, ఒంటికి సలువ జేస్తది అంటరు పెద్దోళ్లు. మా తాత ఎనభై ఏండ్లు బతికిండు.

మా బాపు మాత్రం కల్లుతోని మొదలువెట్టి చీప్ లిక్కర్ కాడికి వచ్చిండు. యాభై రెండేండ్లకు కడుపు కుండోలె ఉబ్బింది, కాళ్లు చూస్తె పుల్లలు. దవాఖానల సూది గుచ్చి నీళ్లు దీసేటోళ్లు, లీటర్లకు లీటర్లు. పది దినాలకు మళ్ల నిండేది. ఒకపారి నెత్తురు కక్కుకున్నడు, బకీట సగం నిండింది. అన్నవాహికల నరాలు ఉబ్బి పగిలినయ్ అన్నరు. ఆఖరుకు పగలు నిద్ర, రాత్రి మెలకువ, మమ్ముల గుర్తు పట్టకపోవుడు. లివరు కడగాల్సిన విషం మెదడుకు ఎక్కుతదట. అప్పటికి తాగుడు బందువెట్టి ఆరు నెలలైంది. బందువెట్టినంక సచ్చిపోయిండని మా ఊళ్లె ఇప్పటికీ చెప్పుకుంటరు.

ఆటో_అప్పారావు
మా పేటలోనూ అదే మాట. "మానేశాడు, పోయాడు. తాగుతూ ఉంటే బతికేవాడు."

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
@ఓరుగల్లు_పోరడు కొవ్వు పట్టిన దశలో ఆపితే లివరు కొన్ని వారాల్లోనే తేరుకుంటుంది. గట్టిపడి గడ్డలు కట్టాక ఆపితే పాత లివరు తిరిగి రాదు, కానీ ఉన్నది ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. మీ బాపు ఆ ఆరు నెలలు బతికింది మానబట్టే అయ్యుండొచ్చు. ఊళ్లో ఎవరైనా ఆ మాటంటే చెప్పండి.

కల్లు సంగతి: చెట్టు నుంచి దించింది వేరు, కొన్ని దుకాణాల్లో అమ్మేది వేరు. అల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటి నిద్రమాత్రల పొడి కలుపుతారు. అది తాగేవాళ్లకి రెండు రోజులు కల్లు దొరక్కపోతే ఇవే ఫిట్స్, ఇదే పిచ్చిచూపు.

విజయనగరం_విజ్జి
లివరు, క్యాన్సర్ అన్నీ రాశారు. అనుమానం గురించి ఒక్కరూ రాయలేదు.

మా ఆయన పెళ్లయిన కొత్తలో నన్ను సినిమాకి పంపి పిల్లాణ్ణి చూసుకునేవాడు. తాగుడు ముదిరాక పాలవాడితో చిల్లర మాట్లాడినా అనుమానమే. నా ఫోను, నా చీర మడతలు, గేటు గొళ్లెం ఏ వైపు పడి ఉందో కూడా చూసేవాడు. తాగనప్పుడు కూడా. అందరూ ఆయన గుణమే అంత అన్నారు, నేనూ అనుకున్నాను. రెండేళ్ల తర్వాత మానసిక వైద్యుడు చెబితే తెలిసింది, ఎక్కువ కాలం తాగినవాళ్లలో ఇది జబ్బుగా వస్తుందట. మందులు వాడాక తగ్గింది. తగ్గింది గానీ ఆ రెండేళ్లు నేను మర్చిపోలేదు. క్షమించానా అని అడక్కండి.

ఆ వైద్యుడి దగ్గరికి వెళ్లకముందు మా అత్తగారు ఎవరో చెప్పారని మందు మానిపించే మాత్ర తెచ్చి సాంబారులో కలిపేవారు, ఆయనకి తెలియకుండా. ఒకరోజు అది తిని బయట తాగొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి, వాంతులు, బీపీ పడిపోయి ఐసీయూలో పెట్టారు.

ఆరో_ఏడు
అది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. నేనూ వాడాను, కాకపోతే నాకు తెలిసి, సంతకం పెట్టి, మా ఆవిడ ఎదురుగా మింగేవాణ్ణి. అది లోపలుండగా తాగితే ప్రాణం మీదికొస్తుందన్న భయమే దాని పని. తాగేవాడికి తెలియకుండా పెడితే ఇంక అది విషం పెట్టినట్టే. దగ్గు మందులో కాస్త సారం ఉన్నా రియాక్షన్ వస్తుందని నాకు ముందే చెప్పారు.

కాఫీ_కమల
మా ఇంట్లో కొట్లాటలు లేవు. నాన్న తాగొచ్చి మౌనంగా పడుకునేవాడు. అయినా మెట్ల మీద చెప్పుల చప్పుడు బట్టి ఇవాళ ఎన్ని పెగ్గులో నేనూ తమ్ముడూ చెప్పేసేవాళ్లం. పందెం కాసేవాళ్లం కూడా, చాక్లెట్లు. ఇప్పుడు నాకు 38. మా అపార్ట్‌మెంట్లో ఎవరి చెప్పులు ఈడ్చుకుంటూ వినపడినా చేతిలో పని ఆగిపోతుంది.

గోదారి_గట్టు
...

నెల్లూరు_చేపలపులుసు
మాది నెల్లూరు జిల్లా. 92లో నాకు పదకొండేళ్లు. రాత్రి బడికని వెళ్లిన మా అమ్మ, పిన్నిలు పుస్తకంలో సారా గురించి పాఠం చదివారు, దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని విన్నారు, మర్నాడు చీపుళ్లు, కారం పొడి పట్టుకుని మా ఊరి కొట్టు మీదికి పోయారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 93 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 95 జనవరిలో మొత్తం మద్యమే నిషేధం, 97లో ఎత్తేశారు. మా అమ్మకి లివరంటే ఏమిటో తెలీదు. కూలి డబ్బులు ఇంటికి రావట్లేదు, వచ్చేది దెబ్బలే అని పోయింది.

పల్నాటి_రోషం
నిషేధం పెట్టి ఏం సాధించారు? ఆ రెండేళ్లూ నాటుసారా, పక్క రాష్ట్రాల సీసాలు. తాగేవాడు తాగాడు.

నెల్లూరు_చేపలపులుసు
తాగినవాడు తాగాడు, నిజమే. మా నాన్న మాత్రం తాగలేదు, దొరక్క. ఆ రెండేళ్లలోనే మా ఇంటికి రేకుల కప్పు పడింది.

లెక్కల_మాస్టారు
ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో తాగుతామని చెప్పిన మగవాళ్లు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రాలో 23.

ఓరుగల్లు_పోరడు
మేం నిజం జెప్తం, గంతే తేడా.

మోడరేటర్
ప్రభుత్వాలు, పార్టీల వైపు వెళ్తే తాళం వేసేస్తా. బావగారి సంగతి చూడండి.

తెనాలి_తమ్ముడు
ఐదు రోజులు రాయలేకపోయా. నిన్న ఇంటికి తెచ్చాం. మతి వచ్చింది. సోమవారం నుంచి గురువారం దాకా ఒక్కటీ గుర్తులేదు. ఫిట్స్ గుర్తులేదు, చేతులు కట్టడం గుర్తులేదు. మణికట్టు మీద కమిలిన గుర్తు చూసి "ఇదేంటి" అని అక్కని అడిగాడు. అక్క "పనిలో తగిలుంటుంది" అంది. మెడ తడుముకుని మాల ఎవరు తీశారన్నాడు. గురుస్వామి ఆయనంతట ఆయనే వచ్చి, వచ్చే ఏడు నేనే వేస్తా, డాక్టరు సరేనంటేనే అని చెప్పి వెళ్లారు. ఇంట్లో సగం గోడకి చీపురు గీతలు అలాగే ఉన్నాయి. తనే సున్నం వేస్తానంటున్నాడు. చెయ్యి ఇంకా కుదురుగా లేదు, కాస్త ఆగమన్నాం.

సోమవారం మళ్లీ ఓపీ. బి1 మాత్రలు, ఇంకేవో మూడు రకాలు ఇచ్చారు. అసలు పని ఇప్పుడే మొదలంటున్నాడు ఆ కుర్ర డాక్టరు.

ఆరో_ఏడు
ఆయన చెప్పింది నిజం. ఒంట్లోంచి మందు దిగడానికి వారం, బుర్రలోంచి దిగడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులుంటాయి, డబ్బు కట్టక్కర్లేదు, ఇంటిపేరు అడగరు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు కాపలాగా మొదలుపెట్టారు, ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉంది. మొదటి మీటింగుకి బావ రానంటే మీరొక్కరే వెళ్లి కూర్చోండి. ఫోన్లో మాట్లాడాలంటే తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. తెలుగులోనే మాట్లాడతారు.

మీ అక్కని కూడా ఎవరైనా ఒకసారి పలకరించండి. అందరం ఆయన సంగతే అడుగుతున్నాం.

క్వార్టర్_సాబ్
నర్సమ్మగారూ, ఒక డౌటు. మాస్టారి లెక్క చూశాక టెస్టు చేయించా. లివరు టెస్టులో జీజీటీ 190 ఉంది. ఎక్కువా?

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
ఎక్కువే. మిగతా లివరు టెస్టులు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పట్టుకుని డాక్టరుకి చూపించండి. పొద్దున పూట చెయ్యి వణుకుతుందా?

క్వార్టర్_సాబ్
టీ గ్లాసు పట్టుకుంటే కొంచెం. ఏసీ వల్ల అనుకునేవాణ్ణి.

నర్సమ్మ_నైట్‌డ్యూటీ
అయితే ఈ రాత్రే వీరుడిలా ఆపెయ్యొద్దు. ఓపీలో చూపించుకుని, వాళ్లు చెప్పినట్టు దిగండి.

క్వార్టర్_సాబ్
మాలకి ముందు శంకుస్థాపన అన్నమాట.

తెనాలి_తమ్ముడు
అన్నా, మేం సోమవారం ఆరింటికే టోకెన్‌కి వెళ్తున్నాం. మీది ఏ ఊరు?

క్వార్టర్_సాబ్
బెజవాడ. ఇక్కడొద్దు, ప్రైవేట్‌లో రాస్తా.